రంగానికి పంపిన రెండు మాటలు

మొదటి జర్మనీ యుద్ధం ముగిసిన ఏడాది నేను పలాస స్టేషన్లో సిగ్నలర్‌ని. అంటే తంతి మీట నొక్కే గుమాస్తాని. జమీందారైన మా తాతగారి పల్లకీ మోసిన ఊళ్ళకే, జమీ పోయాక నేను తంతి వార్తలు చదివి వినిపించేవాడిని. అందుకు ఎవరి జాలీ కోరలేదు.

అప్పట్లో టెలిగ్రాం ఇంగ్లీషులోనే పోయేది. చెప్పిన మాటను కుదించి ఇంగ్లీషులో పెట్టడం మా పని. అర్థం మార్చే హక్కు మాకు లేదు.

ఉద్దానం రైతు అప్పన్నకు రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి, కూతురు నరసమ్మ తంతి ఇచ్చింది. బియ్యం మిల్లులో పనిచేసే భర్త చనిపోయాడనీ, తనను ఏం చెయ్యమంటారనీ అడిగింది. తండ్రి వద్దన్నా వినకుండా మొగుడి వెంట ఓడెక్కిన పిల్ల.

అప్పన్న అది విని, "నీ ఇష్టం అని కొట్టీయండి బాబూ" అన్నాడు.

"అలిగినట్టుంటుంది అప్పన్నా. రమ్మని చెప్పు."

"రమ్మంతే అల్లుడు పోయినందుకు సంబరపడినట్టుండదా? దాని గదికి కొత్త తాటికమ్మలు కప్పించినాను. నా మనసు దానికి తెలీదా ఏటి?"

"తీగ మీద గొంతు పోదు, మాటే పోతుంది."

"మీ తాతగారైతే ఒక్కమాట సెప్పి ఊరుకునీవోరు. మీరు తగువు పెట్టుకుంతన్నారు."

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. చెప్పింది చెప్పినట్టే పంపాను.

మూడోనాడు జవాబు వచ్చింది. చదివి వినిపించాను: "మీ కోపం తగ్గలేదు. ఇక్కడే ఉంటాను."

అప్పన్న మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"కోపమేటి? నాకు కోపమేటి?" అన్నాడు, నన్నే అడుగుతున్నట్టు.

"అదే ఇప్పుడు చెప్పు. రమ్మను. వెంటనే పంపుతాను."

"ఉంతానని అదే సెప్పింది గదా బాబూ. ఇంక నాను రమ్మంతే బలవంతం సేసినట్టవుద్ది."

తలపాగా చుట్టుకుని తోటల వైపు నడిచిపోయాడు. ఆయన బతికుండగా నరసమ్మ రాలేదు. తర్వాత వచ్చినట్టు నేను వినలేదు.

అప్పటినుంచి దూరాన ఉన్నవాళ్ళకు ఎవరైనా "నీ ఇష్టం" అని కొట్టమంటే, రావాలా వద్దా ముందు అది చెప్పమని అడిగేవాడిని. చాలామంది విసుక్కునేవారు. వద్దనేవాళ్ళు చటుక్కున చెప్పేవారు. రావాలనుకున్నవాళ్ళకే నోరు పెగిలేది కాదు. వాళ్ళు చెప్పేదాకా మీట మీద చెయ్యి వేసేవాణ్ణి కాదు.