బొట్టు లేని బొమ్మ

మొన్న బందరులో పిన్ని ఇంటికి రంగులేస్తున్నారని చూడబోతే, గోడ మీంచి దింపిన ఆయిల్ పెయింటింగుని సోఫాలో కూర్చోబెట్టారు. దాని పక్కన కూర్చోలేక లేచి నిలబడ్డాను. నాకు మొదట్నించీ అంతే. నులకమంచం అంచున ఒక్కత్తే కూర్చున్న ముప్పయ్యేళ్ళ ఆడమనిషి, ఎవరో పిలిస్తే లేవబోయి ఆగినట్టుంటుంది. ఆ కళ్ళు చూస్తే, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయినట్టు కంగారు పుడుతుంది.

తొంభైల చివర్లో, నేను వాళ్ళింట్లో ఉండి కాలేజీకి వెళ్ళే రోజుల్లో, పిన్ని ఓ డ్రాయింగు మాస్టారి దగ్గర నేర్చుకుని వేసిందది. చేపల పులుసు కూడా టర్పెంటైను కంపు కొడుతోందని బాబాయి ఒకటే గోల. అయినా మా ఆవిడ వేసిందని మురిసిపోతూ మేకు కొట్టిందీ ఆయనే. చిక్కల్లా ఆ బొమ్మకి బొట్టు లేదు. "పచ్చగా కాపరం చేసుకుంటున్న ఇంట్లో ఇదేం పోయేకాలమే!" అని వచ్చినవాళ్ళందరూ పిన్నికి చీవాట్లు పెట్టేవాళ్ళు. ఎవరావిడ అంటే, "ఎవరూ కాదులెండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది.

కొన్నాళ్ళకి బొమ్మ నుదుట స్టిక్కరు బొట్టు ప్రత్యక్షమైంది. పెట్టింది పిన్ని అత్తగారు. మామ్మగారు అనేవాళ్ళం. దివిసీమలో కాపరానికెళ్ళిన కొత్తలోనే భర్త పోతే, చంకలో బాబాయిని వేసుకుని బందరు వచ్చేసిన మనిషి. కొడుక్కి కీడని భయపడుతోందనుకున్నాం. పిన్ని పీకేసేది, ఆవిడ మళ్ళీ పెట్టేది. పీకినప్పుడల్లా కాస్త రంగు ఊడొచ్చేది. "నా బొమ్మని పాడుచేస్తోందే మా అత్త! మొత్తం గోకి పారేస్తాను, పీడా పోతుంది" అని ఓ మధ్యాహ్నం ఏడుస్తూ చాకు పట్టుకుని లేచింది. అన్నంత పనీ చేసే రకం. వెనకే పరిగెత్తాను.

హాలు గుమ్మంలోనే ఇద్దరం ఆగిపోయాం. మామ్మగారు స్టూలెక్కి బొమ్మకి మెరూన్ బొట్టు అంటించి, దిగి, దూరంగా నిలబడి చూసుకుంటోంది. నచ్చినట్టు లేదు, మళ్ళీ ఎక్కి కొంచెం పైకి జరిపింది. అప్పుడు మమ్మల్ని చూసింది.

"ఇది నా మొహమేగా? నేనిలా కూర్చోడం ఎప్పుడు చూశావే?"

పిన్ని చాకు వెనక్కి దాచుకుంది. "మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక ఇలాగే కూర్చుంటారు అత్తయ్యా. వయసొక్కటే తగ్గించాను."

పిన్నికి మళ్ళీ ఏడుపొచ్చింది. రంగుతోనే బొట్టు వేసేస్తాను, ఊడకుండా ఉంటుందంది.

"వద్దు. రోజుకో రంగు నేనే మార్చి పెట్టుకుంటా" అంది మామ్మగారు.

భర్త పోయి అన్నేళ్ళు గడిచాయి కదా, ఆవిడకింకా సరదాలేం మిగిలుంటాయిలే అని మేమే అనేసుకున్నాం. వాటిని చెరిపేసే పని కాలానికి చేతకాలేదు.