వరసలో మూడో చోటు

వారమంతా ఆయన దర్జీ. ఇరుకు వీధిలో మెట్ల కింద గది, రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా సగం కుట్టిన కోట్లు. కుక్కల పోటీ ఉందంటే మాత్రం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని అందరికన్నా ముందు మైదానం చేరేవాడు. అక్కడ చుట్టూ తాడు కట్టిన రింగుకు ఆయన స్టీవార్డు. నంబర్లు పిలవడం, కుక్కల్ని వరసలో నిలబెట్టించడం, జడ్జి చేతికి రిబ్బన్లు అందించడం ఆయన పని. ఏ కుక్క మంచిదో చెప్పడం మాత్రం ఆయన పని కాదు. కుక్క గురించి జడ్జితో ఒక్క ముక్క మాట్లాడినా మళ్ళీ పిలుపు ఉండదు.

జీతం లేని కొలువది. అయినా రింగు ఆయన చేతిలో ఉందంటే అందరికీ నిశ్చింత. కొత్తగా వచ్చిన పిల్ల చేతులు వణుకుతుంటే నంబరు చీటీ తానే ఆమె భుజానికి కట్టి, "భయపడకమ్మా, జడ్జిగారు కరవరు" అనేవాడు. ముసలి కుక్క ఎండలో నిలబడాల్సి వస్తే తన నీడ దాని మీద పడేటట్టు జరిగేవాడు. అలా చేస్తున్నట్టు ఆయనకే తెలిసేది కాదు.

అంతటి మనిషి కడుపులోనూ ఒక నిప్పురవ్వ ఉండేది. అది తోడల్లుడి గురించి.

తోడల్లుడు సైకిళ్ళు బాగుచేస్తాడు. చేతికి ఎప్పుడూ గ్రీజు, మొహం మీద ఎప్పుడూ నవ్వు. అత్తగారికి చిన్నల్లుడంటే ప్రాణం. అది దర్జీ ఎలాగో ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది తోడల్లుడి కుక్క బుడ్డోడి సంగతి.

దర్జీ ఇంటి కుక్క ఈనినప్పుడు పిల్లల్లో అందమైనదాన్ని ఆయన ఉంచుకున్నాడు. చివర పుట్టి, పాల దగ్గరకు కూడా తోసుకురాలేని బక్కపిల్లను "ఇది నీకే పో" అని తోడల్లుడి ఒళ్ళో పడేశాడు. ఉంచుకున్నదానికి పెరిగేకొద్దీ కింది దవడ ముందుకు పొడుచుకొచ్చింది. పోటీలకు పనికిరాక మిషను కింద గుడ్డపేలికల మీద గురకపెడుతూ ఉండిపోయింది. బక్కపిల్ల బుడ్డోడేమో నున్నటి గోధుమరంగు ఒంటితో, స్కేలు పెట్టి గీసినట్టున్న వీపుతో గెలుపు మీద గెలుపు. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి.

"మనింట్లో పుట్టినవాడే కదండీ, మీకు సంతోషం కాదూ?" అనేది భార్య.

"సంతోషమే."

"మరి పళ్ళెందుకు నూరుతున్నారు?"

ఇంకొక్క పోటీ గెలిస్తే బుడ్డోడు చాంపియను. ఆ పోటీ రానే వచ్చింది. రింగు దర్జీ చేతిలోనే పడింది.

పొద్దున్నే అలవాటు ప్రకారం గడ్డి మీద నడిచి చూసుకున్నాడు. తాడుకు దగ్గరగా ఒకచోట నేల మెత్తగా పల్లంగా ఉంది. పచ్చిక కప్పేయడంతో కంటికి ఆనదు. ముందుకాళ్ళు అందులో పడితే ఎంత మంచి కుక్కయినా ముందుకు ఒరిగినట్టు, నడుము వంకర పోయినట్టు కనిపిస్తుంది. ఇంకెప్పుడైనా అయితే వరసను ఆ పల్లం దాటించి మొదలుపెట్టేవాడు. ఆ రోజు మాత్రం ముందు రౌండ్లలో గెలిచిన కుక్కల్ని చివరి పోటీకి పిలిచి, వరసను కాస్త ఇవతలగా మొదలుపెట్టాడు. బుడ్డోడిది వరసలో మూడో చోటు. పల్లం సరిగ్గా అక్కడికే వచ్చింది.

"ఇక్కడేనా అన్నయ్యా?" అన్నాడు తోడల్లుడు.

"అక్కడే. కదలకు."

జడ్జమ్మ ఒక్కో కుక్కనూ చూసుకుంటూ వచ్చి బుడ్డోడి ముందు ఆగింది. వెనక్కి తగ్గి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి అర్థం దర్జీకి కొత్త కాదు. వేసవిలో కుండనీళ్ళు తాగినట్టు కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. ఇంకెవరైనా అయితే ఈపాటికి కుక్కను పక్కకు జరుపుకునేవారు. తోడల్లుడు జరపలేదు. గొలుసు పట్టుకుని, చెప్పినచోట చెప్పినట్టే నిలబడి, దర్జీ వైపే చూస్తున్నాడు. బుడ్డోడు కూడా పుట్టింటి మనిషిని గుర్తుపట్టి తోక ఊపుతున్నాడు. పైవాడు మనిషికి సిగ్గునిచ్చింది ఇలాంటి ఘడియల కోసమే కాబోలు. దర్జీ చెవులు వేడెక్కాయి.

కుక్క గురించి నోరెత్తకూడదు. నేల గురించి ఎత్తవచ్చు. ఎత్తితే తను దొరికిపోతాడు. జడ్జమ్మ అప్పటికే నాలుగో కుక్క వైపు తిరుగుతోంది.

"అమ్మా, అక్కడ నేల పల్లంగా ఉంది. వరసను ముందుకు జరిపించమంటారా?"

"పొద్దున రింగు చూసుకుంది మీరేగా?"

"నేనేనమ్మా."

"మరి అప్పుడు కనబడలేదా?"

కనబడిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "తప్పు నాదేనమ్మా" అని మాత్రం అనగలిగాడు.

"ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు, ఇదేనా చూడటం!" తాడవతల కూర్చున్నవాళ్ళంతా విన్నారు. వరస ముందుకు జరిగింది. జడ్జమ్మ మళ్ళీ మొదటినుంచి చూసింది. బుడ్డోడి వీపు మళ్ళీ స్కేలయింది.

బుడ్డోడే గెలిచాడు. దర్జీ సంతోషించాడంటే అబద్ధమవుతుంది. జడ్జమ్మ చేతికి రిబ్బను అందించి, బుడ్డోడి వైపు చూడకుండా పక్కకు తప్పుకున్నాడు.

తోడల్లుడు పరుగున వచ్చాడు. "వాడు ఒరగడం నేనూ చూశాను అన్నయ్యా. మీరు కదలకు అన్నారు కదా, ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నా. పాపం, మాకోసం అందరిలో మాటపడ్డారు!" అంటూ అక్కడికక్కడే ఫోను తీశాడు. "అత్తయ్యా, గెలిచాం! అన్నయ్యే గెలిపించారు!"

ఫోనులో అత్తగారు పెద్దల్లుణ్ణి మెచ్చుకుంటుంటే అది ఆయనకు పుండు మీద కారంలా తగిలింది.

ఇంటికెళ్ళేముందు పోటీల కార్యదర్శి దగ్గర ఆగాడు. "ఇకనుంచి మా తోడల్లుడు వచ్చే రింగులో నన్ను వెయ్యకండి."

"చుట్టరికమనా? మీ నిజాయితీకి దండం పెట్టాలి మాస్టారూ!"

"నిజాయితీ కాదండీ, కుళ్ళు. ఆ పల్లంలో కావాలనే నిలబెట్టాను."

కార్యదర్శి కడుపు పట్టుకుని నవ్వాడు. "మీరా! చీమను తొక్కరు మీరు!" అని ఆ మాటను జోకుగా నలుగురికీ చెప్పాడు కూడా. దర్జీ మళ్ళీ చెప్పి చూశాడు. మళ్ళీ నవ్వారు. ఇక చేసేదిలేక, "జోకయితే జోకే. రింగు మాత్రం మార్చండి" అని, కార్యదర్శి సరేననేదాకా అక్కడినుంచి కదల్లేదు.

తర్వాతి పోటీలో ఆయనకు చిన్న కుక్కల రింగు పడింది. దువ్వెన ఒకచేత, సంచి ఒకచేత పట్టుకుని సతమతమవుతున్న పెద్దావిడ దగ్గర్నుంచి బొచ్చుకుక్కను అందుకుని ఎత్తుకున్నాడు. అంతలో మైదానం అవతలి చివర తోడల్లుడున్న రింగునుంచి చప్పట్లు వినిపించాయి. ఆయన మెడ అటు తిరిగింది.

"ఆ చప్పట్లు ఎవరికండీ?"

"ఎవరికైతే మీకెందుకు బాబూ?" అంది పెద్దావిడ. "ముందు నా నంబరు పిలవండి."

ఆయన మెడ ఇటు తిప్పుకుని, గొంతు సవరించుకుని, పిలిచాడు.