వద్దనలేని మేనమామ

లోపెతికి చెవుడని మా గస్తీ ఓడ ‘తవాకె’లో అందరికీ తెలుసు, ఒప్పుకోనిది ఒక్క లోపెతే. వయసంతా ఇంజన్ల పక్కన నిలబడ్డవాడికి చెవులెక్కడ మిగులుతాయి? నేను ఆ ఓడలో వంటవాణ్ణి. తిండికి రమ్మని పైనుంచి గొంతు చించుకుంటే కిందినుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చివరికి గరిటె విసిరేవాణ్ణి. అది తగిలితే నవ్వుతూ వచ్చేవాడు, మొద్దు వెధవ!

మాది చిన్న దీవుల దేశం, నౌకాదళమూ చిన్నదే. యుద్ధాలు మేమెరగం. దొంగచాటుగా మా చేపలు పట్టుకుపోయే పరాయి ఓడల్ని తరమడం, తుఫాను వెలిశాక దీవులకు నీళ్లు మోయడం, అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయిన చిన్న పడవల్ని వెతకడం మా పని.

వెతికేటప్పుడు మధ్యమధ్యలో ఇంజన్లు ఆపాలి. అది లోపెతి పని. ఓడ అంతా నిశ్శబ్దమైపోయాక, ఎవరైనా పిలుస్తున్నారేమోనని అందరం అంచున నిలబడి చెవులు రిక్కించేవాళ్లం. లోపెతి నూనె చేతులతో పైకొచ్చి నా మోచెయ్యి పట్టుకునేవాడు.

“వినిపించిందా?”

“ఇంకా లేదురా. చొక్కా వదులు, ఉతుక్కునేది నేను.”

మా ఇద్దరిదీ హాపై దీవుల్లో ఒకే ఊరు. అతని అక్క లెసియెలి ఇల్లు చర్చి వెనకే. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా మాట్లాడుకోవడం మాలో లేదు. తమ్ముడికి అక్కే పెద్ద, అక్క బిడ్డలు ఇంకా పెద్ద. మేనల్లుడు వచ్చి చెయ్యి వేసిందల్లా వాడిదే. కాదన్న మేనమామ ఊళ్లో తలెత్తుకోలేడు.

ఒక ఏడు సెలవుల్లో లోపెతి తన పడవ ఇంజన్ని బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్కన పుచ్చకాయ తింటున్నాను. లెసియెలి కొడుకు కలఫి సుడిగాలిలా అరుస్తూ వచ్చాడు. కొత్తగా పెళ్లయినవాడు, మనిషి నేలమీద లేడు.

“మామయ్యా, ఇంజన్ పట్టుకెళ్తున్నా. తోఫువా దీవి దగ్గర చేపలు తెగ పడుతున్నాయంట!”

ఇంజన్ వేడెక్కితే ఆగిపోతోందనీ, దాని నీళ్ల పంపు మార్చాలనీ లోపెతి పొద్దున్నే నాతో అన్నాడు. ఇప్పుడేమో అతని ముఖం వెలిగిపోతోంది.

“పట్టుకెళ్లు నాయనా. అడగాలా?”

కలఫి పడవ తేవడానికి పరిగెత్తాక నేను అతన్ని పొడిచి గట్టిగా అడిగాను. “పంపు సంగతి చెప్పవేంరా?”

“చెబితే, ఇవ్వడం ఇష్టంలేక వంక పెట్టానంటారు. అక్క చిన్నబుచ్చుకుంటుంది. నువ్వు నోరు మూసుకుని పుచ్చకాయ తిను.”

మామా అల్లుళ్ల మధ్య వేలు పెట్టడానికి నేనెవర్ని? లోపెతి తనే ఇంజన్ భుజానికెత్తుకుని ఒడ్డుదాకా మోశాడు. డబ్బా నిండా పెట్రోలు పోశాడు. పడవ కనుమరుగయ్యేదాకా చెయ్యూపాడు.

మర్నాటికి కూడా కలఫి రాలేదు. మమ్మల్ని సెలవుల్లోంచి పిలిపించారు. ‘తవాకె’ తోఫువా వైపు బయల్దేరింది. ఆ వెతుకులాటలో లోపెతి ఏమీ తినలేదు. తిట్టాను, బతిమాలాను, పళ్లెం తీసుకెళ్లి ఇంజన్ గదిలో పెట్టాను. అలాగే తిరిగొచ్చింది. ఇంజన్లు ఆపగానే పైకొచ్చి, నా చెయ్యి పట్టుకోవడానికి ముందు, “కలఫీ!” అని అరిచేవాడు. ఆ తర్వాత అడిగేవాడు.

“వినిపించిందా?”

“లేదురా.”

“సరిగ్గా విను!”

పడవ దొరికింది. మనిషి లేడు. ఇంజన్ పైమూత విప్పి ఉంది, పక్కన స్క్రూడ్రైవరు. పాపం, వాడు బాగుచేసుకోబోయాడు. దీవి కనిపిస్తోంది కదా అని ఈదబోయాడో ఏమో. లోపెతి ఆ పడవలోకి దిగి ఇంజన్‌మీద చెయ్యి పెట్టాడు. “చల్లగా ఉంది,” అన్నాడు. ఆ తర్వాత ఎంత తిరిగినా కలఫి జాడ లేదు. ఇక ఆపి తిరిగి రమ్మని పైఅధికారుల కబురొచ్చింది.

శవం లేకుండానే అంత్యక్రియలు చేశారు. ముంగిట్లో మంచి చాపలమీద లెసియెలి, ఆమె కోడలు, పెద్దలు. మేనమామ వైపువాళ్ల చోటు ఇంటి వెనక, పొగలో. లోపెతి, మాలో చావింట తక్కువవాళ్లు కట్టే చిరిగిన పెద్ద చాప నడుముకి చుట్టుకుని, నేలలో తవ్విన పొయ్యి దగ్గర పందుల్ని కర్రకి గుచ్చి తిప్పుతూ కాలుస్తున్నాడు. మేనల్లుడి కోసం సముద్రమంతా జల్లెడపట్టినవాడికి, ముంగిట్లో కూర్చుని ఏడ్చే వీలు కూడా లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పక్కన కూర్చుని దుంపలు చెక్కుతున్నాను.

ఉన్నట్టుండి లెసియెలి ఇల్లు చుట్టి వెనక్కి వచ్చింది. ఆమె అక్కడికి రాకూడదు. పొయ్యి దగ్గరివాళ్లంతా తలలు దించుకుని పక్కకి జరిగారు. ఆమె ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తమ్ముడి వీపువైపు చూస్తూ ఏదో అంది. లోపెతి వెనక్కి తిరిగి అక్కని చూశాడు. నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏమంటోంది? వినిపించిందా?”

వినిపించింది. అతనికి చెప్పాలంటే అరవాలి. ఊరంతా అక్కడే ఉంది. అయినా అరిచాను.

“ఇంజన్ బాగాలేదని నీకు తెలుసా అంటోంది!”

“తెలుసు.”

ఆమె పెదాలు మళ్లీ కదిలాయి. నేను మళ్లీ అరిచాను.

“మరి ఒక్కసారి వద్దనలేకపోయావా అంటోందిరా!”

లోపెతి కర్ర వదిలేశాడు. నలభై ఏళ్లుగా అక్కతో ఎదురుగా మాట్లాడనివాడు, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో ఆమెకే జవాబు చెప్పాడు.

“అడిగింది నీ కొడుకు కదా అక్కా! నేనెట్లా వద్దంటాను?”

లెసియెలి వచ్చి తమ్ముడి పక్కన బూడిదలో కూలబడింది. ముంగిట్లోంచి పెద్దలు వచ్చి రమ్మన్నారు. వరసలో ఆమెకన్నా పైవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు, చెయ్యి పట్టి లేపడానికి. పందులు మాడిపోతుంటే నేనే లేచి తిప్పాను.