సీసా మీద రాయని సంగతి

గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నాయని కళావతి ఎప్పుడూ మాస్కుతోనే నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసులో నేల తుడిచేది. ఒకసారి మాస్కు తీసినప్పుడు అది గమనించిన అక్కడి ఉద్యోగిని రసజ్ఞ తను వాడే మాత్రల సీసా ఒకటి తెచ్చిచ్చింది.

"సా పామెట్టో అంటారక్కా. ఒక రకం తాటిజాతి మొక్క పండ్లతో చేస్తారు. హార్మోన్లు సర్దుకుంటాయి. మూలికే, భయం లేదు."

కళావతికి గుండె కవాటం మార్చారు. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ గోలీ వేసుకుంటుంది. ఆ సంగతి రసజ్ఞకు తెలియదు.

ఆ మాత్రలు మొదలుపెట్టిన మూడో వారం కళావతి చిగుళ్ల నుంచి రక్తం కారింది. బ్రష్ గట్టిదనుకుంది. తర్వాత చేతుల మీద నల్లటి మచ్చలు లేచాయి. ఒక ఉదయం ముక్కు నుంచి నెత్తురు ఆగకపోయేసరికి దవాఖానకు పరుగెత్తింది.

"ఇంకేమన్నా మింగుతున్నవా?" అని డాక్టరమ్మ అడిగింది.

"మందులేం లేవమ్మా. మూలికనే."

సీసా చూసి డాక్టరమ్మ ముఖం మారింది. "ఇది నీ గోలీతోని కలిస్తే ప్రాణం మీదికొస్తది. ఇయ్యాల్నే బంద్ చెయ్యి."

వారానికి రక్తం ఆగింది. పనికి తిరిగొచ్చిన రోజు రసజ్ఞ ఆమె చేతిలో మిఠాయి పెట్టింది.

"నాకు మూడో నెలక్కా."

కళావతి మిఠాయి తినలేదు. "ఆ మాత్రలు ఇంకా మింగుతున్నరా మేడమ్?"

"పొద్దున కూడా వేసుకున్నాను. ఏం?"

"కడుపుతోనున్నోళ్లు అస్సలు ముట్టొద్దని ఆ సీసా చూసినప్పుడే డాక్టరమ్మ చెప్పింది."

రసజ్ఞ వెంటనే ఫోన్ తీసి తన డాక్టరు నంబరు వెతకసాగింది.