బెల్టును తిట్టే బావ

మా బావ మనుషుల్ని తిట్టడు. నడుము బెల్టుల్ని తిడతాడు.

వెన్ను వంకర తిరిగినవాళ్లకి, నడుం పట్టేసినవాళ్లకి ప్లాస్టిక్ బెల్టులు చేసి బిగించడం ఆయన వృత్తి. వాటికి పట్టీలు కుట్టడం నా పని. షట్టరు లేపింది మొదలు దించేదాకా ఆ తిట్లు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

"సిగ్గులేదట్రా నీకు? నిన్ను మోసేవాణ్ణే పొడుస్తావా?" అని లోపల్నుంచి గొంతు లేస్తే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు చెప్పులు వెతుక్కునేవాళ్లు. ఇద్దరు పట్టుకుంటే గానీ అడుగు వెయ్యలేని ఒకాయన, ఆ కేక విని ఎవరూ పట్టుకోకుండానే వెళ్లిపోయాడు. చూశావా, నడుం బాగైపోయిందని మా బావ సంబరం.

"బావా, బెల్టుకు చెవులుండవు. నాకున్నాయి," అన్నాను ఒళ్లు మండి.

"నువ్వూరుకో అమ్మాయ్. దానికీ నాకూ తేలాల్సింది ఉంది."

ఈ మనిషితో ఎలా కాపురం చేస్తోందో మా అక్కకే తెలియాలి.

ఒకరోజు ఒకావిడ స్కూలుకెళ్లే కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆ పిల్ల వెన్ను పక్కకి ఒరుగుతోంది. మేం చేసిచ్చిన బెల్టు పెట్టుకోవడం లేదు. ఇంకా ఒరిగితే ఆపరేషన్ తప్పదని డాక్టరు తేల్చి చెప్పేశారట.

"నిటారుగా కూర్చోవే అని చిన్నప్పట్నుంచీ మొత్తుకుంటున్నానండీ. వినుంటే ఈ గతి పట్టేదా?"

కూర్చునే తీరు వల్ల వచ్చిన వంకర కాదని డాక్టరు చెప్పినా ఆవిడ తలకెక్కలేదు. నాకు చేతిలో కత్తెర గిరాటేద్దామన్నంత కోపం వచ్చింది. పిల్ల నేల చూపులు చూస్తోంది.

"ఎక్కడ నొప్పమ్మా?" అని అడిగాను.

"ఎక్కడా లేదు," అంది.

బావ పల్చటి బనీను మీద బెల్టు తొడిగి, పట్టీలు బిగించి, గదిలో కాసేపు నడిపించి విప్పాడు. పక్కటెముకల దగ్గర ఎర్రగా కందింది. చాలాసేపు చూశాడు, ఆ ఎరుపు తగ్గలేదు. బెల్టును బల్ల మీద దబ్బున పడేశాడు.

"ఏరా దున్నపోతా, ఇన్నాళ్లూ పిల్లని ఇలా నొక్కుతూ ఏమీ ఎరగనట్టు కూర్చున్నావా? తప్పు ఈ అమ్మాయిది కాదు. అమ్మాయి వీపుదీ కాదు. నీది."

తల్లి బిత్తరపోయింది. పిల్ల తలెత్తింది.

"చంక కింద కూడా," అంది మెల్లగా.

"వినపడిందట్రా వెధవా? ఇంకేం చేస్తాడమ్మా వీడు?"

"కూర్చుంటే తొడ మీద పొడుస్తాడు. స్కూల్లో అందరి ముందూ టకటకమంటాడు."

నొప్పుందని చెబితే అమ్మ చేత చీవాట్లు తినాలి. బెల్టు మీద చాడీలు చెబితే ఎవరూ ఏమీ అనరు. ఎదురుగా ఉన్న పెద్దమనిషే ముందు తిట్లు మొదలెట్టాడు మరి. ఇన్నేళ్లూ నా చెవులు చిల్లులు పడింది ఇందుకా అనుకున్నాను. ఈ ముక్క నాకు ముందే చెప్పి ఏడవచ్చు కదా.

పిల్ల చెప్పిన చోటల్లా బావ పెన్సిలుతో గీత పెట్టి అంచులు కోశాడు, వేడి చేసి ఉబ్బించాడు, మెత్త అతికించాడు. తిడుతూనే. పిల్ల దాన్ని తొడుక్కునే ఇంటికి బయల్దేరింది. గుమ్మంలో తల్లి "నిటారుగా..." అనబోయి బావ వంక చూసింది. తర్వాత బెల్టు మీద ఒక్కటి తట్టి, "నువ్వు సరిగ్గా ఉండు," అంది.

మళ్లీ వచ్చినప్పుడు పిల్ల వెన్ను అంతకంటే ఒరగలేదని, డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తలేదని చెప్పారు. మాకది చెప్పకముందే వీధి చివర్నుంచి వినిపించింది: "అంకుల్, వీడు మళ్లీ మొదలెట్టాడు."

ఇప్పుడు కొట్లో అరిచేవాళ్లం ఇద్దరం. నిన్న నా కుట్టుమిషను నాలుగోసారి దారం తెంపింది. "సిగ్గులేదట్రా నీకు?" అన్నాను.

"గట్టిగా పెట్టు గడ్డి," అన్నాడు బావ లోపల్నుంచి.