డైరెక్టరీకెక్కని కుట్టు దుకాణం

ఎనభైల మొదట్లో, దుకాణాల పేర్లు సేకరించి డైరెక్టరీ అచ్చువేసే ఒక సంస్థలో పనిచేసేవాణ్ణి. ఒకసారి జహీరాబాద్‌లో బస్సెక్కితే, పక్క వరుసలో కూర్చున్న ఒకావిడ తనకు ఆ ఊళ్లో కుట్టు దుకాణం ఉందంది. డైరెక్టరీలో పేరు వేయడానికి పైసా ఖర్చు లేదనగానే సంబరంగా పేరు, గల్లీ రాయించింది.

"గీ బుక్కు బీదర్ల గూడ దొరుకుతదా అన్నా?"

"అన్ని పట్టణాలకూ పోతుందమ్మా," అన్నాను గర్వంగా.

ఆమె ముఖం పాలిపోయింది. "నా పేరు కొట్టెయ్యి. మా ఆయన బీదర్లనే ఉంటడు. నేను యాడున్ననో తెలిస్తే సంపుతడు."

కొట్టేశాను. గీత కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. అంతలో ఆమె దిగాల్సిన చిరాగ్‌పల్లి వచ్చింది. కండక్టరు అరుస్తున్నా, ఆమె లేచొచ్చి నా ముందు నిలబడి కదల్లేదు.

"జర ఆ కాయితం నాకియ్యి అన్నా." చెయ్యి చాపింది.

పొద్దుటి నుంచి తిరిగి రాసుకున్న దుకాణాలన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. అయినా ఇచ్చేశాను. ఆమె దాన్ని ముక్కలుగా చింపి, పిడికిట్లో బిగించి దిగిపోయింది.

ఆ ఏడు డైరెక్టరీలో జహీరాబాద్ పేజీ సగం ఖాళీగానే వచ్చింది. ఆ తరువాత ఎవరి పేరు రాసుకోవాలన్నా, ఆ పుస్తకం ఎక్కడెక్కడికి పోతుందో ముందే చెప్పేవాణ్ణి.