తలకిందులైన గూడబాతు

ఏలూరులో తివాచీలు నేసే నసీమా గళ్ళకాగితం చూసి ముడులు వేస్తుంది. ఒక గడికి ఒక ముడి. మగ్గం మీద తివాచీ కిందినుంచి పైకి లేస్తుంది కాబట్టి కాగితంలోనూ అట్టడుగు వరుసే మొదలు. ఆ కాగితాలను అచ్చువేసే ప్రోగ్రాము ఆమె కూతురు షాయిస్తా రాసింది. వట్లూరులో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే ఆ పిల్లకు తన డిగ్రీకన్నా ఆ ప్రోగ్రామంటేనే గర్వం.

2005లో ఆమె వాడిన ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చింది. ప్రోగ్రాము తెరిస్తే తెరనిండా పసుపు హెచ్చరికలు. గళ్ళు గీసే పాత పద్ధతికి కాలం చెల్లిందట, వచ్చేసారి తీసేస్తారట, దాని బదులు కొత్తది వాడుకోవాలట. లోకమంతా వాడుతున్న పద్ధతి! పాఠ్యపుస్తకంలో మొదటి అధ్యాయమే అది. ఎవర్ని అడిగి తీసేస్తున్నారని షాయిస్తాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం చేస్తుంది? రెండువందల పన్నెండు చోట్ల కొత్తది పెట్టింది. మొదటి కాగితం అచ్చువేసి చూస్తే తివాచీ అంచు చక్కగా వచ్చింది. అంచు ఎటు తిప్పినా ఒకేలా ఉంటుందన్న సంగతి ఆమెకు తట్టలేదు.

తివాచీ నడుమ గూడబాతు బొమ్మ రావాలి. నసీమా కాగితం ఎలా చెబితే అలా ఎనిమిది రోజులు ముడులు వేసింది. తొమ్మిదోరోజు వెనక్కి జరిగి చూసి కూతుర్ని పిలిచింది.

"ఇలా రావే ఒకసారి. గూడబాతు కాళ్ళు పైకున్నాయేంటే?"

పాత పద్ధతి వరుసలు కిందినుంచి లెక్కపెట్టేది. కొత్తది పైనుంచి లెక్కపెట్టింది. ఆ తేడా హెచ్చరికలో ఒక్క ముక్కయినా లేదు. షాయిస్తా కోపంగా ఆ భాషను తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాస్తే, వివరం తమ డాక్యుమెంట్లలో ఉందని రెండు వాక్యాల జవాబొచ్చింది. నిజమే, ఉంది. ఎక్కడో నాలుగువందల పేజీలు దాటాక. ఎంత పొగరు! గదిలో కూర్చుని ఒక మాట కొట్టేస్తారు. ఏలూరులో ఒక ముసలిది వేళ్ళు వాచేలా ముడులు ఒక్కొక్కటే కోసి తీయాలి.

ఆరు రోజులు తల్లీకూతుళ్ళు కూర్చుని ముడులు తీశారు. నసీమా ఒక్కసారీ కసరలేదు. షాయిస్తా పాత వెర్షన్‌నే మళ్ళీ ఎక్కించి కొత్త కాగితం తెచ్చిచ్చింది.

ఆరేళ్ళుగా కూతురిచ్చిన కాగితాన్ని చూడకుండానే మగ్గానికి తగిలించే నసీమా, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అటు తిప్పి, ఇటు తిప్పి, గళ్ళ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది.

"ఇది సరిగ్గానే ఉందంటావా, అమ్మా?" అని కూతుర్ని అడిగింది.